పురుషుల హైజంప్ జాతీయ రికార్డు: 2.25 నుంచి 2.29 దాకా, ఏ సెంటీమీటర్ ఎప్పుడు, ఎక్కడ, ఎలా వచ్చింది

అంకెలశాస్త్రి
మన దేశపు పురుషుల హైజంప్ రికార్డు గురించి ఒక్కొక్క చోట ఒక్కో అంకె కనిపిస్తోంది. కొందరు 2.28 దగ్గరే ఆగిపోతారు, కొందరు పాటియాలాని వదిలేస్తారు, కొందరు ఇండోర్, ఔట్‌డోర్ కలిపేస్తారు. అందుకే ఈ శతాబ్దపు వరుస (ఎత్తులు మీటర్లలో) ఇక్కడ పెడుతున్నాను. మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

2004 – హరిశంకర్ రాయ్ – 2.25 – సింగపూర్, ఏషియన్ ఆల్ స్టార్ మీట్
2016 నవంబర్ – తేజస్విన్ శంకర్ – 2.26 – కోయంబత్తూరు, జూనియర్ నేషనల్స్
2018 ఫిబ్రవరి – తేజస్విన్ శంకర్ – 2.28 – ఏమ్స్, అయోవా (ఇండోర్)
2018 మార్చి – తేజస్విన్ శంకర్ – 2.28 – పాటియాలా, ఫెడరేషన్ కప్
2018 ఏప్రిల్ 27 – తేజస్విన్ శంకర్ – 2.29 – లబక్, టెక్సస్

పన్నెండేళ్లు కదలని రికార్డు పదిహేడు నెలల్లో 4 సెం.మీ. పెరిగి మళ్లీ ఆగింది. 2025 సెప్టెంబర్ టోక్యో ప్రపంచ పోటీల దాకా చూసినా 2.29 మీద ఇంకో అంకె పడలేదు. ఇలా ఎందుకు జరిగిందన్నదే నాకు ముఖ్యం. పేర్లూ తేదీలూ ఎక్కడైనా దొరుకుతాయి.

కాకినాడ_ట్రాక్
శాస్త్రి గారూ, మంచి పని చేశారు. ఒక సందేహం. ఫిబ్రవరి 2.28 ఇండోర్ కదా, దాన్ని ఈ వరుసలో ఎలా కలుపుతాం? పరుగు పందేల్లో ఇండోర్ వేరు, ఔట్‌డోర్ వేరు. 200 మీటర్ల ట్రాక్‌కీ 400 మీటర్ల ట్రాక్‌కీ పోలిక లేదు.

బార్‌లెవెల్
పరుగుకి మీరన్నది నిజం. హైజంప్‌కి అది వర్తించదండీ. బార్ అదే, మ్యాట్ అదే, కొలత అదే. పైగా హైజంప్‌కి గాలి కొలత లేదు. లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్‌లో సెకనుకి 2.0 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు కానీ హైజంప్‌లో ఎంత గాలి వీచినా రికార్డు రికార్డే. కాబట్టి పైకప్పు వల్ల తేడా వచ్చేది ఒక్క ఎదురుగాలి, పక్కగాలి బాధ తప్పడంలోనే.

ప్రపంచ నియమం కూడా మైదానానికి పైకప్పు ఉన్నా లేకపోయినా ప్రపంచ రికార్డుకి ఒప్పుకుంటుంది. పోల్‌వాల్ట్‌లో లావిలెనీ 2014లో ఇండోర్‌లో దూకిన 6.16ని ప్రపంచ రికార్డుగానే లెక్కపెట్టారు. ఆ లెక్కన ఏమ్స్ 2.28 ముందు వచ్చింది, పాటియాలా 2.28 దాన్ని సమం చేసింది. ఔట్‌డోర్ వరుస విడిగా రాస్తే మాత్రం 2.26 తర్వాత పాటియాలా 2.28, ఆ తర్వాత లబక్ 2.29. రెండు వరుసలూ సరైనవే, ఏది రాస్తున్నామో పైన చెప్పాలి అంతే.

హనుమకొండ_జంప్స్
2.25 తర్వాత 2.26. ఒక్క సెంటీమీటరే. బార్ రెండేసి సెంటీమీటర్లు పెంచాలన్న నియమం ఉంది కదా? మరి ఒక సెంటీమీటర్ ఎలా పెంచారు?

బార్‌లెవెల్
నియమం పూర్తిగా ఇదీ. ఒక్కో రౌండ్ తర్వాత బార్ కనీసం 2 సెం.మీ. పెంచాలి, పెంచే మోతాదు తర్వాత ఎక్కువ కాకూడదు. 3 నుంచి 2కి దిగొచ్చు, 2 నుంచి 3కి ఎక్కకూడదు. అయితే మిగిలినవాళ్లంతా ఔటై, ఒక్కడే నిలిచి, పోటీ గెలిచేశాడనుకోండి. అప్పుడు ఆ అథ్లెట్ ఎంత అడిగితే అంత పెట్టాలి. అధికారిని, రెఫరీని సంప్రదించి అతనే నిర్ణయిస్తాడు. 1 సెం.మీ. రికార్డులు పుట్టేది ఇక్కడే. 2.25 రికార్డు ఉన్నప్పుడు గెలిచినవాడు 2.26 అడుగుతాడు. 2.27 అడిగి మూడు ఛాన్సులూ పోగొట్టుకోవడం కన్నా అది తెలివైన పని.

దీనికో చిక్కుంది. పోటీ గట్టిగా ఉండి ఇద్దరు ముగ్గురు పైదాకా వస్తే ఆ వెసులుబాటు ఉండదు. బార్ ముందే ప్రకటించిన మెట్ల మీదే నడవాలి. 2.20, 2.24, 2.27, 2.30 అనే మెట్లున్న మీట్‌లో 2.29 అనే అంకె రానే రాదు. 2.27 దూకినవాడు 2.30 దూకాలి, లేదా 2.27తో ఇంటికి వెళ్లాలి. జాతీయ రికార్డు పట్టిక చదివేటప్పుడు ఇది గుర్తుంటే చాలా ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది.

సమయం విషయం కూడా చూడండి. నలుగురికన్నా తక్కువ, అంటే ఇద్దరో ముగ్గురో మిగిలితే ఒక్కో ప్రయత్నానికి ఒకటిన్నర నిమిషం. ఒక్కడే మిగిలితే 3 నిమిషాలు. రికార్డు ప్రయత్నానికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఒంటరిగా మిగిలినవాడికే ఎక్కువ.

పీఈటీ_పాలమూరు
బార్‌లెవెల్ సార్, జిల్లా మీట్లలో మేము బార్ పెట్టి టేపు ఆనించి అంకె చెప్పేస్తాం. రికార్డు అనిపించుకోవాలంటే కొలత ఎలా ఉండాలి? పిల్లాడు నిజంగా దూకినా కొలత తప్పైతే అంతా వృథా కదా.

బార్‌లెవెల్
చాలా మంచి ప్రశ్న, మాస్టారూ. కొంచెం పొడుగ్గా చెప్తాను.

బార్ పొడవు 4.00 మీటర్లు, 2 సెం.మీ. అటూ ఇటూ. బరువు 2 కిలోలు మించకూడదు. గుండ్రటి భాగం మందం 30 మి.మీ. రెండు స్టాండ్ల మధ్య దూరం 4.00 నుంచి 4.04 మీటర్లు. బార్ చివరకీ స్టాండ్‌కీ మధ్య కనీసం 1 సెం.మీ. ఖాళీ ఉండాలి. అది లేకపోతే బార్ బిగుసుకుపోయి, తగిలినా పడదు. బార్ ఆనే పలకలు 4 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. పొడవు. వాటి మీద రబ్బరు, టేపు, జారకుండా పట్టేది ఏదీ ఉండకూడదు. చాలా చిన్న మీట్లలో గాలికి బార్ పడుతోందని పలకల మీద టేపు చుట్టేస్తారు. దాంతో ఆ రోజు కొలతలన్నీ చెల్లకుండా పోతాయి.

ఇప్పుడు కొలత. బార్ మధ్యలో కొంచెం కుంగుతుంది, 2 సెం.మీ. దాకా ఒప్పుకుంటారు. కొలవాల్సింది ఆ కుంగిన చోటే, అంటే బార్ పైభాగంలో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న చోట. నేల నుంచి నిట్టనిలువుగా. చివర్లలో 2.26 ఉండి మధ్యలో 2.24½ ఉంటే ఆ ఎత్తు 2.24. అర సెంటీమీటర్ ఉండదు, కిందికే దించాలి.

బార్ పడిన ప్రతిసారీ అదే ముఖం పైకి, అదే వైపు ముందుకి వచ్చేలా పెట్టాలి. దానికోసం చివరన సన్నటి గీత గీసుకుంటాం. వాడిన బార్ ఒక వైపుకి వంగి ఉంటుంది. తిప్పి పెడితే మధ్యలో ఎత్తు ఒక సెంటీమీటర్ దాకా మారిపోవచ్చు. ఇక్కడ మనం చర్చిస్తున్నదే ఒక్క సెంటీమీటర్ గురించి.

రికార్డు ఎత్తుకి బార్ పెట్టగానే, మొదటి ప్రయత్నానికి ముందే, స్టీల్ టేపుతో గానీ సరిచూసిన కొలబద్దతో గానీ జడ్జీలు కొలవాలి. ప్రయత్నం విఫలమై బార్‌కి ఏమాత్రం తగిలినా మళ్లీ కొలవాలి. దూకాక కొలిస్తే సరిపోతుందని కొందరనుకుంటారు. ముందు కొలవనిది రికార్డు దరఖాస్తులో నిలబడదు.

ఇంకొకటి, నేల వాలు. రనప్ (దూకే ముందు పరుగెత్తే దారి) చివరి 15 మీటర్లలో వాలు 0.6 శాతం మించకూడదు, మ్యాట్ ఎత్తు వైపు ఉండాలి. అంటే అథ్లెట్ పల్లం నుంచి ఎత్తుకి పరుగెత్తాలి. టేకాఫ్ (కాలు నేల వదిలే చోటు) బార్‌కి మీటర్ ఇవతల పడుతుంది. 0.6 శాతం వాలులో ఆ మీటర్‌కి 6 మి.మీ. తేడా. మ్యాట్ తప్పు వైపు వేస్తే అథ్లెట్‌కి ఊరికే 6 మి.మీ. కలిసొస్తుంది.

అంకెలశాస్త్రి
ఇది చదివాక పాత రికార్డుల గురించి ఒక మాట చెప్పాలి. అప్పటి అంకెలు అడుగులు, అంగుళాల్లో ఉండేవి, పావు అంగుళం దాకా కొలిచేవారు. 7 అడుగులంటే 213.36 సెం.మీ., రాసేది 2.13. 6 అడుగుల 8 అంగుళాలు 203.2, రాసేది 2.03. అయితే 6 అడుగుల 4¾ అంగుళాలు 194.945. కిందికి దించితే 1.94, దగ్గరి అంకెకి చేరిస్తే 1.95. అందుకే పాత పట్టికల్లో ఒకే దూకుడికి రెండు అంకెలు కనిపిస్తాయి. ఎవరో తప్పు రాశారని తొందరపడొద్దు.

పాత కాలానికి నేను ఏషియన్ గేమ్స్‌ని కొలబద్దగా తీసుకుంటాను. 1954 మనీలాలో అజిత్ సింగ్ 1.95తో బంగారం. 1966 బ్యాంకాక్‌లో భీమ్ సింగ్ 2.05తో బంగారం. ఆ తర్వాత 2023 దాకా ఈ ఈవెంట్‌లో మనకి ఏషియన్ గేమ్స్ బంగారం రాలేదు. 1970లోనూ 1974లోనూ ఇరాన్ జంపర్ తైమూర్ గియాసీ గెలిచాడు, తర్వాత చైనా, జపాన్, కొరియా, లెబనాన్, ఖతార్.

కాకినాడ_ట్రాక్
1966లో 2.05 బంగారం తెచ్చింది. 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో సర్వేశ్ కుశారె 2.26 దూకి నాలుగో స్థానం. ఆసియా ఎంత మారిపోయిందో ఈ రెండంకెలే చెప్తాయి.

జెకర్వ్
మారింది నేల కూడా. ఆ రోజుల్లో ఇసుక గుంటలోకో రంపపు పొట్టులోకో దిగేవాళ్లు. కాళ్ల మీద దిగాలి కాబట్టి సిజర్స్ (కత్తెరలా ఒక్కో కాలు దాటించడం), వెస్టర్న్ రోల్, స్ట్రాడిల్ (పొట్ట బార్ వైపు ఉంచి దొర్లుతూ దాటడం) తప్ప దారి లేదు. వీపు మీద పడే ఫ్లాప్ ఫోమ్ మ్యాట్ వచ్చాకే సాధ్యమైంది. ఆ ఫ్లాప్‌తోనే అమెరికా జంపర్ ఫాస్‌బరీ 1968 మెక్సికోలో 2.24తో ఒలింపిక్ బంగారం కొట్టాడు.

అయితే ఫ్లాప్ వల్లే ఎత్తులు పెరిగాయని తేల్చేస్తే మాత్రం నేను ఒప్పుకోను. సోవియట్ జంపర్ వలేరి బ్రూమెల్ 1963లోనే స్ట్రాడిల్‌తో 2.28 దూకాడు. యాష్చెంకో 1978లో అదే స్ట్రాడిల్‌తో ఔట్‌డోర్‌లో 2.34, ఇండోర్‌లో 2.35. అంటే మన 2.29 బ్రూమెల్ కంటే ఒక్క సెంటీమీటర్ ఎక్కువ. ఫ్లాప్ గొప్పతనం వేరే చోట ఉంది. త్వరగా నేర్చుకోవచ్చు, పరుగు వేగాన్ని ఎక్కువ వాడుకోవచ్చు.

హనుమకొండ_జంప్స్
జెకర్వ్ అన్నా, ఆ వేగం లెక్క కొంచెం విప్పి చెప్పు. 2.28కి, 2.29కి, 2.30కి మధ్య శరీరంలో నిజంగా మారాల్సింది ఏంటి?

జెకర్వ్
ఎత్తుని మూడు ముక్కలు చెయ్యి. ఒకటి, టేకాఫ్‌లో కాలు నేల వదిలే క్షణాన శరీర భార కేంద్రం ఎంత ఎత్తులో ఉంది. రెండు, అక్కడి నుంచి అది ఎంత పైకి లేచింది. మూడు, ఆ శిఖరానికీ బార్‌కీ మధ్య ఎంత వృథా అయింది.

1.93 మీటర్ల పొడవున్న మనిషికి, చేతులూ, స్వేచ్ఛగా ఉన్న (నేలని తోయని కాలి) మోకాలూ పైకి లేచి ఉంటే, మొదటి ముక్క సుమారు 1.38 మీటర్లు. నిలువు వేగం సెకనుకి 4.3 మీటర్లైతే రెండో ముక్క 0.94. కలిపితే శిఖరం 2.32. బార్ మీద 3 సెం.మీ. వృథా చేస్తే 2.29.

ఇప్పుడు అదే మనిషి, అదే వృథాతో 2.30 దూకాలంటే నిలువు వేగం 4.30 నుంచి 4.32 కావాలి. సెకనుకి 2 సెంటీమీటర్ల వేగం. అంతే తేడా! ఆ వేగాన్ని జిమ్‌లో తెచ్చుకోవచ్చు, లేదా వృథాలో ఒక సెంటీమీటర్ తగ్గించుకోవచ్చు, లేదా టేకాఫ్‌లో స్వేచ్ఛగా ఉన్న మోకాలు ఇంకొంచెం పైకి లేపి మొదటి ముక్క పెంచుకోవచ్చు. మూడూ ఒకేసారి మార్చబోతే రనప్ చెడుతుంది. ఏడాదికి ఒకటి మార్చడమే మేలు.

ఇదంతా జరిగేది ఒక్క పాదం నేల మీద ఉండే 0.15 నుంచి 0.18 సెకన్లలో. పరుగు వేగం సెకనుకి ఏడున్నర మీటర్లు. ఆ వేగాన్ని ఆపకుండా పైకి తిప్పాలి.

పీఈటీ_పాలమూరు
అన్నా, వంపు అసలెందుకు? నేరుగా పరుగెత్తి దూకితే వేగం ఇంకా ఎక్కువ వస్తుంది కదా. మా పిల్లలు చాలామంది వంపు సగంలో వదిలేసి బార్ వైపు అడ్డంగా కోసేస్తారు.

జెకర్వ్
వంపులో పరుగెత్తితే శరీరం వంపు లోపలికి, అంటే బార్‌కి దూరంగా వాలుతుంది. సెకనుకి 7.5 మీటర్ల వేగంతో 10 మీటర్ల వ్యాసార్ధంలో పరుగెత్తితే వాలు 30 డిగ్రీలు. వ్యాసార్ధం 8 మీటర్లైతే 36 డిగ్రీల దాకా. ఈ వాలు రెండు పనులు చేస్తుంది. భార కేంద్రాన్ని మోకాళ్లు మరీ వంచకుండానే కిందికి దించుతుంది. టేకాఫ్‌లో ఆ వాలు నుంచి నిటారుగా లేచేటప్పుడు వచ్చే తిప్పుడే వీపుని బార్ మీదకి తిప్పుతుంది. గాల్లోకి లేచాక తిప్పుకోవడానికి పట్టు ఉండదు.

మీ పిల్లలు వంపు కోసేస్తున్నారంటే బార్ మీదకి ముందే వాలిపోతున్నారన్నమాట. అప్పుడు దూకుడు ఎత్తుకి కాకుండా పొడవుకి వెళ్తుంది, బార్‌ని భుజమో వీపో పైకి వెళ్తూనే తాకుతుంది.

రనప్ గీయడానికి ఒక మొదటి కొలత ఇస్తాను, తర్వాత పిల్లాడిని బట్టి మార్చుకోండి. మొత్తం 10 అంగలు, 5 నేరుగా, 5 వంపులో. దగ్గరి స్టాండ్ నుంచి బార్ వరుసలోనే బయటికి 4 మీటర్లు, అక్కడి నుంచి లంబంగా వెనక్కి 10 మీటర్లు. అది వంపు మొదలయ్యే గుర్తు. ఇంకా 8 నుంచి 9 మీటర్లు వెనక్కి, అది రనప్ మొదలు. ఇది 2 మీటర్ల దగ్గర దూకేవాడికి. 1.50 దూకే పిల్లాడికి 8 అంగలు చాలు, అన్ని కొలతలూ తగ్గుతాయి. గుర్తులు రెండు పెట్టుకోవడానికి నియమం ఒప్పుకుంటుంది.

టేకాఫ్ పాదం బార్‌కి సమాంతరంగా పడకూడదు. వేళ్లు దూరపు స్టాండ్ వైపు కొద్దిగా చూడాలి. పూర్తిగా సమాంతరంగా పెడితే శరీరం ఒక వైపు, పాదం ఒక వైపు వెళ్లి చీలమండ లోపలికి మెలిపడుతుంది. హైజంపర్ల గాయాల్లో నేను అన్నిటికన్నా గట్టిగా హెచ్చరించేది ఇదే.

హనుమకొండ_జంప్స్
బార్ ఎక్కడ తగిలింది అన్నదాన్ని బట్టి తప్పు చెప్పొచ్చా?

జెకర్వ్
చాలావరకు చెప్పొచ్చు. పైకి వెళ్తూ భుజం, వీపు తగిలితే టేకాఫ్ దగ్గరైంది, లేదా ముందే వాలాడు. దిగుతూ పిరుదో తొడ వెనకభాగమో తగిలితే టేకాఫ్ దూరమైంది, శిఖరం బార్‌కి ఇవతలే అయిపోయింది. అప్పుడు బలం పెంచినా లాభం లేదు, గుర్తుని అర అడుగు ముందుకి జరపాలి. అంతా దాటాక మడమ తగిలితే, నడుము బార్ దాటిన క్షణాన గడ్డం ఛాతీకి ఆనించి కాళ్లు పైకి విసరడం ఆలస్యమైంది. చూసేవాళ్లు అయ్యో అనేది ఈ మూడోదానికే. కోచ్‌కి మాత్రం ఇదే ఊరట, ఎందుకంటే ఎత్తు ఉంది.

వీడియో తీసేటప్పుడు ఎదురుగా కాదు, బార్ వరుసలో స్టాండ్ పక్కన నిలబడి తీయండి. శిఖరం బార్‌కి ఇవతలా అవతలా అన్నది ఆ కోణంలోనే తెలుస్తుంది.

ఆస్టిన్_తెలుగు
2018లో ఆ రెండు నెలల్లో మూడుసార్లు రికార్డు ఎత్తు ఎలా వచ్చిందో చూడండి. తేజస్విన్ అప్పటికి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్నాడు. కోచ్ క్లిఫ్ రోవెల్టో. లండన్ 2012లో 2.33 దూకిన ఎరిక్ కైనార్డ్ కూడా ఆయన శిష్యుడే, అక్కడ మొదట గెలిచిన రష్యా జంపర్ ఉఖోవ్ డోపింగ్‌లో అనర్హుడయ్యాక ఆ బంగారం కైనార్డ్‌కి దక్కింది. అంటే 2.30 పైన దూకే మనిషిని తయారుచేసిన చోటు అది.

అమెరికా కాలేజీ క్యాలెండర్ ఇంకో కారణం. జనవరి నుంచి మార్చి దాకా ఇండోర్, వెంటనే ఔట్‌డోర్. దగ్గర దగ్గరగా పోటీలు. రనప్ గుర్తు ఎక్కడ పెట్టాలో చేతికి తెలిసిపోతుంది. ఫిబ్రవరిలో ఏమ్స్, మార్చిలో పాటియాలా, ఏప్రిల్ రెండో వారంలో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో 2.24తో ఆరో స్థానం, ఏప్రిల్ చివర లబక్‌లో 2.29. ఖండాలు మారుతూనే ఈ స్థాయి నిలబెట్టుకున్నాడు. జూన్‌లో కాలేజీల జాతీయ పోటీ కూడా గెలిచాడు. 2022లో మళ్లీ గెలిచాడు, 2.27తో.

కాకినాడ_ట్రాక్
డెకాథ్లాన్‌కి వెళ్లకుండా ఉంటే 2.30 ఎప్పుడో దాటేవాడని నా గట్టి నమ్మకం. 2022 బర్మింగ్‌హామ్‌లో 2.22తో కామన్వెల్త్ గేమ్స్ హైజంప్‌లో మనకి మొదటి పతకం తెచ్చినవాడు. ఆ తర్వాత పది ఈవెంట్లకి శక్తి పంచేశాడు.

ఆస్టిన్_తెలుగు
కాకినాడ గారూ, ఆ నమ్మకంతో నేను ఏకీభవించలేను. 2018 తర్వాత నాలుగేళ్లు అతని ప్రధాన ఈవెంట్ హైజంపే, అయినా 2.29 కదల్లేదు. డెకాథ్లాన్‌లో అతను పోగొట్టుకున్నది ఏమీ లేదు. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 7666 పాయింట్లతో అప్పటి జాతీయ రికార్డు, వెండి పతకం. దేశానికి అది తక్కువ కాదు.

ఇంకో సంగతి. డెకాథ్లాన్‌లో దూకిన హైజంప్ కూడా హైజంప్ రికార్డుగా చెల్లుతుంది. అయితే అక్కడ బార్ మొదటి నుంచి చివరిదాకా 3 సెం.మీ. చొప్పునే పెరగాలి. 2.12, 2.15, 2.18, 2.21, 2.24, 2.27, 2.30 అని నడుస్తుంది. ఒంటరిగా మిగిలినా 1 సెం.మీ. అడిగే వీలు లేదు. పైగా అదే రోజు 100 మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ అయ్యాక దూకాలి, తర్వాత 400 మీటర్లు ఉంటుంది. పాయింట్ల లెక్కలో 2.21కి 1002, 2.29కి 1081. ఆ 79 పాయింట్ల కోసం కాళ్లని పూర్తిగా ఖర్చు చేసుకుంటే 400లో అంతకన్నా ఎక్కువ పోతాయి. కాబట్టి డెకాథ్లాన్‌లో హైజంప్ రికార్డు ఆశించడం అన్యాయం.

అంకెలశాస్త్రి
ఇక సర్వేశ్ కుశారె. నాసిక్ జిల్లా దేవర్‌గావ్ కుర్రాడు. మొక్కజొన్న పొట్టు నింపిన మ్యాట్ మీద దూకడం నేర్చుకున్నాడు. 2019 సౌత్ ఏషియన్ గేమ్స్ బంగారం. 2022 నేషనల్ గేమ్స్‌లో 2.27. 2023 బ్యాంకాక్ ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 2.26తో వెండి. 2024 పారిస్‌లో 2.15 దగ్గరే ఆగిపోయాడు. 2025 టోక్యోలో క్వాలిఫయింగ్ 2.25 దాటి ప్రపంచ పోటీల హైజంప్ ఫైనల్ చేరిన మొదటి భారతీయుడయ్యాడు. ఫైనల్‌లో 2.28, ఆరో స్థానం. అక్కడ హామిష్ కెర్ 2.36తో గెలిచాడు.

నాకు అన్నిటికన్నా విలువైన దూకుడు ఆ టోక్యో 2.28. జాతీయ రికార్డు కాదు, నిజమే. అయినా ప్రపంచంలోని అత్యుత్తములు ఎదురుగా ఉండగా, వాళ్ల మెట్ల మీద, తన జీవితంలోనే పెద్ద ఎత్తు దూకడం మన పట్టికలో ఇంతకుముందు లేదు.

బార్‌లెవెల్
ఇందాక మెట్ల గురించి చెప్పింది అక్కడ కళ్లకు కట్టింది. 2.28 దాటాక అతని ముందున్న మెట్టు 2.31. 2.29 సమం చెయ్యడానికీ 2.30కీ అక్కడ బార్ లేదు. ఒకేసారి 3 సెం.మీ. ఎగబాకాలి. అదే ఎత్తు మన దేశంలో ఏ మీట్‌లోనో గెలిచి ఉంటే 2.30 అడిగే వీలుండేది. రికార్డు ఒక్కటే కొలబద్ద అనుకుంటే ఇలాంటి దూకుళ్లకి అన్యాయం చేసినట్టే.

కాకినాడ_ట్రాక్
అర్హత ఎత్తు కూడా చూడాలి. రియో 2016కి ఒలింపిక్ అర్హత 2.29. అదే ఏడాది చివరికి మన రికార్డు 2.26. 2018లో మనం 2.29 చేరేసరికి తర్వాతి ఒలింపిక్స్ అర్హత 2.33కి వెళ్లింది. ఇప్పుడు ర్యాంకింగ్ పాయింట్లతో వెళ్లొచ్చు కాబట్టి సర్వేశ్ పారిస్‌కి వెళ్లగలిగాడు. ఆ దారి లేకపోతే మన జంపర్లకి పెద్ద వేదిక దొరికేదే కాదు.

పీఈటీ_పాలమూరు
మహిళల సంగతీ ఇలాగే ఉందా?

అంకెలశాస్త్రి
ఉంది, పైగా అది మన గడ్డ మీదే జరిగింది. సహనా కుమారి 2012 జూన్‌లో హైదరాబాద్ ఇంటర్‌స్టేట్ పోటీల్లో 1.92 దూకి లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. అంతకుముందు బాబీ అలోషియస్ 2004లో 1.91. ఎనిమిదేళ్లకి ఒక్క సెంటీమీటర్. 1.92ని దాటేవాళ్లు టోక్యో 2025 దాకా రాలేదు. గుమీ (దక్షిణ కొరియా) ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 1.89తో బంగారం గెలిచిన పూజ మీద నా ఆశ ఉంది.

పీఈటీ_పాలమూరు
ఇదంతా విన్నాక మా ఊరి మాట అడుగుతాను. మా స్కూల్లో ఉన్నది పాత జిమ్నాస్టిక్స్ మ్యాట్లు, ఇసుక గుంట. ఫ్లాప్ మొదలుపెట్టొచ్చా?

జెకర్వ్
ఆ మ్యాట్ల మీద వద్దు మాస్టారూ, ఖచ్చితంగా వద్దు. పెద్ద పోటీలకి మ్యాట్ 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెం.మీ. మందం ఉండాలి. చిన్న పోటీలకైనా 5కి 3 మీటర్లు. ముక్కలుగా ఉంటే పైన ఒకే కవర్ బిగించి కట్టాలి, లేకపోతే రెండు ఫోమ్ ముక్కల మధ్య సందులోకి భుజమో మెడో దిగిపోతుంది. ఎండకి ఫోమ్ చచ్చిపోతుంది. నిలబడి దూకితే కింద నేల తగిలినట్టు తెలిసిన మ్యాట్‌ని పక్కన పెట్టాలి. మ్యాట్‌కీ స్టాండ్లకీ మధ్య 10 సెం.మీ. ఖాళీ ఉంచండి, మ్యాట్ కదిలి స్టాండ్‌ని నెడితే బార్ పడిపోతుంది.

అంతదాకా ఇసుక గుంటతో చేయాల్సింది చాలా ఉంది. వంపు రనప్‌తో సిజర్స్ దూకించండి, కాళ్ల మీద దిగుతారు కాబట్టి ఇసుక చాలు. సిజర్స్‌లో టేకాఫ్ నిటారుగా లేకపోతే బార్ దాటలేరు, కాబట్టి ముందుకి వాలే అలవాటు మొదట్లోనే పోతుంది. నేల మీద సున్నంతో 10 మీటర్ల వ్యాసార్ధపు వలయం గీసి, వారంలో రెండు రోజులు దాని మీద పరుగెత్తించండి. భుజాలు లోపలికి, పాదాలు గీత మీద. చివరి మూడడుగులు లయ తగ్గకుండా, ఆఖరి అడుగు మాత్రం కొంచెం పొట్టిగా, గబుక్కున.

బార్‌లెవెల్
బూట్ల మాట ఒకటి కలుపుతాను. హైజంప్‌లో సింథటిక్ మీద మేకు 12 మి.మీ. దాకా వాడొచ్చు, చాలా ఈవెంట్లకి 9 మాత్రమే. ఒక బూటుకి 11 మేకులు మించకూడదు, సోల్ మందం 20 మి.మీ. దాటకూడదు. మట్టి రనప్ తడిగా ఉంటే వంపులో 30 డిగ్రీల వాలు నిలబడదు, కాలు జారుతుంది. ఆ రోజు పోటీ అయినా సరే, టేకాఫ్ చోట పొడి మట్టి పోసి దిమ్మిసతో కొట్టించాకే బార్ పెట్టించండి.

పీఈటీ_పాలమూరు
సున్నం వలయం రేపే గీయిస్తాను. బార్ చివర గీత కూడా.